కీ తిప్పిందెవరు

పొద్దున ఏడు కాకముందే షెడ్డులో మరమగ్గాలు మొదలయ్యాయి. నగరిలో ఆ వీధి మొత్తం అంతే. ఒక ఇంట్లో మగ్గం ఆగినా పక్కింటి చప్పుడు గోడల్లోంచి వస్తూనే ఉంటుంది. ధనశేఖర్ కాఫీ గ్లాసు పట్టుకుని వీధి అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు. అప్పుడే తిరుపతి నుంచి తమ్ముడు మునికుమార్ ఫోన్ చేశాడు.

"అన్నా, కారు స్టార్ట్ కావడం లే. అమ్మ కర్మ పనులన్నీ అయినాక ఈ పొద్దే కవర్ తీసినా. కీ తిప్పితే టక్ మంటాది, అంతే."

"బ్యాటరీ పోయుంటుంది. వాన నీళ్ళలో నిలిచిన బండి గదా."

"బ్యాటరీ మార్చి సూసినాం. మెకానిక్ చౌడప్పను పిలిచినా. ఇంజను విప్పాలంటాడు. నువ్వు రాకుండా విప్పొద్దని చెప్పినా."

"ముట్టుకోవద్దని చెప్పు. పది గంటలకంతా ఆడుంటా."

ఆ కారును అన్నదమ్ములిద్దరూ చెరిసగం పెట్టి నాలుగేళ్ళ కిందట కొన్నారు, వాళ్ళ అమ్మ వరదమ్మ కోసం. గుండె డాక్టరు తిరుపతిలో ఉన్నాడని ఆమె చిన్నకొడుకు దగ్గరే ఉండేది. మునికుమార్ బస్టాండు దగ్గర లాడ్జిలో సూపర్‌వైజరు, వేళకు సెలవు దొరకదు. అందుకని అతని భార్య లోకేశ్వరి డ్రైవింగ్ నేర్చుకుంది. నెలనెలా అత్తను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని తనే ఆస్పత్రికి తీసుకుపోయేది.

వరదమ్మ పోయి మూడు వారాలు దాటింది. ఆ రోజు కుండపోతగా వాన. ఊరి పైనున్న చెరువు తెగి మునికుమార్ వాళ్ళ కాలనీలోకి నీళ్ళు వచ్చాయి. ఆయాసంతో కొట్టుకుంటున్న మనిషిని ట్రాక్టర్ మీద ఆస్పత్రికి చేర్చేసరికి పగలు ఒంటిగంట. సాయంత్రానికి ఆమె లేదు. "ఒక గంట ముందు తెచ్చి ఉంటే ప్రయత్నం చేసేవాళ్ళం" అని డాక్టరు అన్నాడు. ఆ గంటను ఇంటిల్లిపాదీ వాన మీద వేసేశారు.

బస్సులో పోతూ ధనశేఖర్ ఖర్చు గురించే ఆలోచించాడు. అతనికి పిసినారితనం లేదు. నగరిలో న్యాయం తెలిసిన మనిషని పేరుంది. మగ్గం విరిగిందని షావుకారుకూ నేతగాడికీ తగాదా వస్తే ఇద్దరూ అతన్నే పిలుస్తారు. ఎవరి చేతిలో విరిగిందో తేల్చి, వాళ్ళే ఇచ్చుకోవాలని చెప్పేవాడు. ఎవరి తప్పూ లేకపోతే చెరిసగం. ఒకసారి తన షెడ్డులోనే కూలివాడి మగ్గం పట్టేస్తే, నూనె వేయించడం మరిచింది తనేనని ఒప్పుకుని, వాడి కూలి కూడా ఇచ్చాడు. ఆ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ అతనికి కొంచెం గర్వంగానే ఉంటుంది.

కారు ఇంటి ముందు, గేటు లోపల ఉంది. తలుపుల సగం వరకు ఎండిన బురద చార. చౌడప్ప అరవై ఏళ్ళవాడు, మాట నెమ్మది. ప్లగ్గులు విప్పి, స్పానర్ పెట్టి ఇంజనును చేత్తో తిప్పి చూశాడు. కొంత తిరిగి ఆగిపోయింది. గాలి ఫిల్టరు డబ్బా తెరిచి చూపించాడు. అడుగున బురద గట్టిపడి ఉంది. ఆయిల్ పుల్ల తీస్తే పాలు కలిపిన టీ రంగులో ఉంది. మధ్యాహ్నానికి కింది భాగం విప్పి, వేలు పెట్టి ఒకచోట చూపించాడు.

"సూడు సార్. ఈ రాడ్ వంగిపోయింది."

"నీళ్ళు చేరినందుకా?"

"నీళ్ళు చేరితే తుప్పు పడతాది, వంగదు. లోపల నీళ్ళు ఉండంగానే ఎవరో స్టార్ట్ చేసినారు. నీళ్ళు అణగవు గదా సార్. ఇనుమే వంగాల."

"స్టార్ట్ చేయకుండా ఉండుంటే?"

"కడిగి, ఆయిల్ మార్చి, ఆరబెట్టి ఇచ్చేవాణ్ణి. పన్నెండు వేలతో పోయేది. ఇప్పుడు లక్షా ముప్పై. అంతకు తక్కువ చెప్తే అబద్ధం చెప్పినట్టు."

"బీమా రాదా?"

"సీట్లకు, కార్పెట్లకు ఇస్తారేమో. నీళ్ళలో తిప్పిన ఇంజనుకు మీ పాలసీలో రాదు. సూస్తానే కనుక్కుంటారు వాళ్ళు."

ధనశేఖర్ తమ్ముడి వైపు చూశాడు. మునికుమార్ అడ్డంగా తల ఊపాడు. "నీళ్ళున్నప్పుడు ఎవరూ తిప్పలేదన్నా. నేను ఆ పొద్దు లాడ్జిలో ఇరుక్కున్నా. రైలు కట్ట కింద బ్రిడ్జి నిండా నీళ్ళు. ఆస్పత్రికే నడిచి వచ్చినా."

"బండి ఫస్ట్ గేరులో ఉండాది అబ్బా," అన్నాడు చౌడప్ప చేతులు తుడుచుకుంటూ. "నువ్వెప్పుడైనా గేరులో పెట్టి నిలుపుతావా?"

మునికుమార్ కిటికీలోంచి వంగి గేరు వైపు చూశాడు.

అన్నదమ్ములు లోపలికి వచ్చి కూర్చున్నారు. లోకేశ్వరి ఇద్దరికీ మజ్జిగ ఇచ్చి వంటింటి గడప దగ్గర నిలబడింది. మూడు వారాల్లో ఆమె బాగా చిక్కిపోయింది. ధనశేఖర్ అది గమనించాడు గాని ఆ ఇంట్లో ఎవరు బాగున్నారు కనుక అనుకున్నాడు.

"సూడు మునీ," అన్నాడు, ఊళ్ళో పంచాయితీ చెప్పేటప్పటి గొంతుతో. "నాకు డబ్బు పెద్దది కాదు. ఎవరి వల్లా పోలేదంటే చెరిసగం పెట్టుకుందాం, ఇంకో మాట అనను. ఒకరి చేతిలో పోయుంటే మాత్రం వాళ్ళు ఒప్పుకోవాల. ఒప్పుకుని వాళ్ళే పెట్టుకోవాల. అదే న్యాయం."

"నేనే తిప్పి, తిప్పలేదని చెప్తా ఉండానంటావా?"

"నేనట్ల అన్లేదు. బండి అబద్ధం చెప్పదు గదా."

"అంటే నేను చెప్తా ఉండాను. అంతే గదా." మునికుమార్ గ్లాసు కింద పెట్టాడు. "అమ్మ పోయి నెల కాలేదు. దొంగను అడిగినట్టు నన్ను నిలబెట్టి ఇంజను గురించి అడగతా ఉండావు."

"సొంత తమ్ముడు గాబట్టే అడగతా ఉండా. బయటోడయితే చెరిసగం అని లేచి పోయుంటా."

"ఆయన్ను అడగొద్దు బావా," అంది లోకేశ్వరి. "తిప్పింది నేను."

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు. ముందుగా మాట్లాడింది మునికుమార్.

"ఎప్పుడు?"

"ఆ పొద్దే."

"నీళ్ళొచ్చినాకనా?"

"ఊఁ."

"ఎందుకు?"

"అత్తను ఎక్కించుకుని పోదామని."

ధనశేఖర్‌కు ఇంకా ఏమీ తట్టలేదు. అతని బుర్ర ఇంజను దగ్గరే ఉంది. "నీళ్ళలో స్టార్ట్ చేయకూడదని తెలీదామ్మా నీకు?" అన్నాడు.

"తెలుసు బావా."

"తెలిసీ తిప్పినావా?"

"నాదే తప్పు. ఖర్చు నేనే పెట్టుకుంటా," అంది.

తీర్పు చెప్పినవాడికి అంతకన్నా కావలసిందేమీ లేదు. కానీ ఆమె అంత తొందరగా ఒప్పుకోవడం అతనికి ఎక్కడో గుచ్చుకుంది. ఒప్పుకునేవాళ్ళు కాసేపైనా పెనుగులాడతారు. ఈ మనిషి ఆ మాట అడగడం కోసమే ఎదురుచూసినట్టుంది.

మునికుమార్ ఖర్చు మాట వినలేదు. లేచి నిలబడ్డాడు. "ట్రాక్టర్ పన్నెండుకు వచ్చిందని చెప్పినావు నాకు."

"మొదట పదిన్నరకే వచ్చింది," అంది లోకేశ్వరి నేల చూస్తూ. "పక్క వీధి చంద్రమౌళన్న గేటు కాడ నిలిపి పిలిచినాడు. కార్లో పోతాం లేన్నా అని పంపించేసినా. కారు ఒకసారి అందుకుంది. రెండడుగులు కదిలి ఆగిపాయ. మళ్ళా తిప్పినా. ఎంత తిప్పినా కాలే. చంద్రమౌళన్నకు ఫోన్ చేస్తే ఎత్తలే. ఆయన ఇంకో ఇంటోళ్ళను దించి తిరిగొచ్చేసరికి పన్నెండయింది."

"గంటన్నర," అన్నాడు మునికుమార్. గొంతు పెంచలేదు. "డాక్టరు ఒక గంట అన్నాడు. నువ్వు గంటన్నర పోగొట్టినావు. నాకు వాన అని చెప్పినావు. కర్మ చేసేటప్పుడు నా పక్కనే కూచుని వాన అని చెప్పినావు. మా అమ్మను సంపింది వాన కాదు. నువ్వు."

పదిన్నర అన్న మాట మాత్రం ధనశేఖర్ చెవిలో ఉండిపోయింది. పదిన్నరకు తనకు ఫోన్ వచ్చింది. ఆస్పత్రికి తీసుకుపొమ్మని చెప్పానని ఇన్నాళ్ళూ అతనికి గుర్తు. అంతవరకే గుర్తు. ఇప్పుడు మిగిలింది కూడా వచ్చింది. నగరిలోనూ వాన. అరుగు మీదికి పోలేక షెడ్డులోనే, నాలుగు మగ్గాల మధ్య నిలబడి ఒక చెవి మూసుకుని మాట్లాడాడు. అవతల లోకేశ్వరి గొంతు ముక్కలు ముక్కలుగా వినిపించింది. అత్తకు ఆయాసం, ట్రాక్టర్, నీళ్ళు. ట్రాక్టర్ అన్నది విని అతనికి కోపం వచ్చింది. గుండె జబ్బు మనిషిని వానలో ట్రాక్టర్ మీద ఎక్కిస్తావా, కారు ఎందుకు కొన్నాం, కారు తియ్యి అన్నాడు. మళ్ళీ ఫోన్ వచ్చింది. స్టార్ట్ కాలేదు బావా అంది. చలికి అట్లే ఉంటుంది, ఇంకోసారి తిప్పు, ఆపకుండా తిప్పు అని తనే గట్టిగా అరిచాడు.

అతను నోరు తెరిచాడు. లోకేశ్వరి తలెత్తి ఒక్కసారి అతని వైపు చూసింది. అతనికి గుర్తొచ్చిందని ఆమెకు తెలిసిపోయింది. మళ్ళీ తల దించుకుంది.

"మునీ, అట్లాంటి మాట అనొద్దు," అన్నాడు ధనశేఖర్. అతని నోట్లోంచి వచ్చింది అంతే.

మూడున్నర బస్సుకు బయలుదేరాడు. వడమాలపేట దాటాక ఫోన్ తీసి పాత కాల్స్ చూశాడు. ఇంకా ఉన్నాయి. పది ముప్పై నాలుగు, నాలుగు నిమిషాలు. పది నలభై ఒకటి, రెండు నిమిషాలు. చెరిపేద్దామని వేలు పెట్టి, ఆ పని చేయబోయినందుకు సిగ్గుపడి, ఫోన్ జేబులో పెట్టేశాడు.

తర్వాతి రోజులన్నీ అతను తనతో వాదించుకుంటూనే గడిపాడు. అక్కడ నీళ్ళెంత ఉన్నాయో తనకేం తెలుసు. కళ్ళతో చూసిన మనిషి ఆమె. డ్రైవింగ్ తెలిసిన మనిషి ఆమె. తను చెప్పాడనుకో, కుదరదని చెప్పొచ్చు గదా. ఇవన్నీ ఇంకొకరి తగాదాలో ఎవరైనా చెప్పి ఉంటే ఒక్క ముక్కలో కొట్టిపారేసేవాడు. తన విషయం వచ్చేసరికి ప్రతి మాటా పట్టుకుని వేలాడాడు. ఈలోపు మగ్గం తగాదా ఒకటి వచ్చింది. ఒంట్లో బాగాలేదని చెప్పి పంపించేశాడు.

ఆరో రోజు పొద్దున మునికుమార్ ఫోన్ చేశాడు.

"లోకేశ్వరి వాళ్ళమ్మింటికి పుత్తూరు పోయిందన్నా. నేను పొమ్మన్లేదు. ఉండమనీ అన్లేదు."

"నువ్వు తింటా ఉండావా?"

"లాడ్జి కాడ మెస్సు ఉండాది గదా." మళ్ళీ తనే అన్నాడు. "ఇంట్లోకి పోవాలంటే భయంగా ఉండాదన్నా."

ఫోన్ పెట్టేసి ధనశేఖర్ పెరటి వైపు పోయాడు. అతని భార్య నిర్మలమ్మ నూలు కండెలు చుడుతూ కూర్చుంది. పాతికేళ్ళుగా ఆ మూలనే, షెడ్డు తలుపు పక్కన, అదే పని.

"లోకేశ్వరి పుత్తూరు పోయిందంట," అన్నాడు.

నిర్మలమ్మ చక్రం ఆపింది. "మీరు చెప్పలేదా ఇంకా?"

"ఏం చెప్పాల?"

"ఆ పొద్దు ఫోన్లో మీరన్న మాట. నేను ఈడనే కూచోనుంటి. ఆపకుండా తిప్పు అని అరిస్తిరి గదా. మగ్గాల చప్పుడును మించి వినపడె నాకు."

ధనశేఖర్ గడప మీద కూర్చున్నాడు. "నీకు తెలుసునా? మరి ఇన్నాళ్ళూ నన్ను అడగలే?"

"మీకు గుర్తుండాదనే అనుకుంటి. అత్త పోయిన బాధలో ఉండారు, నేనెందుకు కెలకాలని ఊరుకుంటి. తిరుపతి పోయొచ్చినాక మీ మొగం సూసి, చెప్పలేదని తెలిసె. మీరే చెప్తారని సూస్తా ఉండా." దారం చివర వేలికి చుట్టుకుంటూ మెల్లగా అంది. "ఊరందరికీ చెప్పేది మీరే గదా."

అతను చొక్కా వేసుకుని బస్టాండుకు నడిచాడు.

పుత్తూరులో విరిగిన ఎముకలకు కట్లు కట్టే వైద్యుల ఇళ్ళు దాటి సందులోకి పోతే లోకేశ్వరి తల్లి తాయమ్మ ఇల్లు. తాయమ్మ అతన్ని చూసి చాప వేసి, ఏమీ అడగకుండా నీళ్ళు ఇచ్చి బయటికి వెళ్ళిపోయింది. లోకేశ్వరి బియ్యం చేట పక్కన పెట్టి వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది.

"కూచోమ్మా," అన్నాడు ధనశేఖర్.

"పర్లేదు బావా."

"మునికి ఎందుకు చెప్పలే? నేను తిప్పమన్నానని ఒక్క మాట చెప్పుంటే వాడు నిన్ను అట్ల అనేవాడు కాదు."

"అప్పుడు మిమ్మల్ని అనేవాడు," అంది. "అత్త లేదు. ఆయనకు మిగిలింది మీరొక్కరే. నేనంటే వేరే ఇంటి నుంచి వచ్చినదాన్ని. నా మీద కోపంతో బతకగలడు. మీ మీద కోపమొస్తే ఆయనకు ఇంకెవరుండారు?"

ధనశేఖర్ తల పట్టుకున్నాడు. ఆమె ఆగి ఆగి మాట్లాడింది.

"ఊరికే మీ మీద వేయలేను బావా. మీరు చెప్పింది నిజమే. కానీ నీళ్ళు బంపర్ దాటినాయని నా కండ్లకు కనపడతా ఉండె. మీకు మగ్గాల చప్పుడులో వినపడలేదని కూడా నాకు తెలుస్తా ఉండె. మళ్ళా చెప్పుండాల నేను. గట్టిగా చెప్పుండాల. పెద్దాయన చెప్పినారు గదా అని ఊరుకుంటి. ట్రాక్టర్ మీద ఏమన్నా అయితే నన్నే అంటారని భయపడితి. మీ మాట నాకు సాకుగా దొరికింది."

"అమ్మ ఏమనె?"

"ఎందుకులే బావా."

"చెప్పమ్మా. ఏమనె?"

లోకేశ్వరి చీర కొంగు వేళ్ళ మధ్య నలిపింది. "ట్రాక్టరే ఎక్కుతా పద అనె మొదట. లేచి నిలబడె కూడా. బావ కారు తియ్యమన్నారత్తా అని నేను చెప్తి. శేఖరం చెప్పినాడా, అయితే సరే అని మళ్ళా కూచునె."

ధనశేఖర్ తల్లి పోయినప్పుడు ఏడ్చాడు. కొరివి పెట్టినప్పుడు ఏడ్చాడు. అప్పుడు వచ్చిన ఏడుపు వేరు. ఇప్పుడు ఏడుపు రాలేదు, చాప మీద ముందుకు వంగిపోయాడు. లోకేశ్వరి కంగారుగా నీళ్ళ చెంబు అందించింది. అతను తాగలేదు. చెంబు పక్కన పెట్టేశాడు.

"నాతో రా అమ్మా," అన్నాడు చివరికి. "ఇద్దరం పోయి వాడికి చెప్దాం."

"నేను రాను బావా. నా ముందర చెప్తే మీరు నాకోసం చెప్తా ఉండారనుకుంటాడు. చెప్పాలంటే మీరే పోయి చెప్పండి. వద్దనుకుంటే వెనక్కి పొండి. నేనేమీ అనుకోను."

పుత్తూరు బస్టాండులో నగరి బస్సు, తిరుపతి బస్సు పక్కపక్కనే నిలబడి ఉన్నాయి. నగరి బస్సు కండక్టరు అతన్ని గుర్తుపట్టి పిలిచాడు. ధనశేఖర్ కాసేపు నిలబడి, తిరుపతి బస్సు ఎక్కాడు.

మునికుమార్ ఇంట్లోనే ఉన్నాడు. సెలవు పెట్టాడట. వంటింట్లో పొయ్యి వెలిగించిన గుర్తే లేదు. అన్నను చూసి లేవబోతే ధనశేఖర్ భుజం పట్టి కూర్చోబెట్టాడు. ఫోన్ తీసి ఆ రెండు కాల్స్ చూపించాడు. తను అన్న మాటలు ఏవీ తగ్గించకుండా చెప్పాడు. అమ్మ లేచి నిలబడిందనీ, తన పేరు చెబితే మళ్ళీ కూర్చుందనీ చెప్పాడు. చెప్పేటప్పుడు తమ్ముడి మొహం చూడలేక గోడ మీద అమ్మ ఫొటో కిందనున్న మేకును చూస్తూ చెప్పాడు.

మునికుమార్ తిడతాడనుకున్నాడు. కొట్టినా బాగుండునని అనుకున్నాడు.

"ఆ పొద్దు నేను లోకేశ్వరిని అన్నదంతా విని, ఏమీ అనకుండా బస్సెక్కి పోయినావు," అన్నాడు మునికుమార్.

"పోయినా."

"ఆరు రోజులు."

"ఆరు రోజులు."

మునికుమార్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఆ చేతుల్లోంచే మాట్లాడాడు. "పొద్దున ఏడుకు నేను బయల్దేరేటప్పుడే అమ్మకు ఆయాసంగా ఉండె. ఈ పొద్దు పోవద్దు మునీ అనె. లాడ్జిలో ఎవరూ లేరు, పోయొస్తాలేమ్మా అంటి. అప్పుడు రోడ్డు మీద నీళ్ళు లేవు. నేను ఉండుంటే ఏడుకే ఆస్పత్రిలో ఉండేవాళ్ళం." చేతులు తీశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "లోకేశ్వరిని ఆ మాట అన్నది ఎందుకో తెలుసునా అన్నా? అనేంతసేపూ నాకు ప్రాణం తేలికగా ఉండె."

ధనశేఖర్ తమ్ముణ్ణి దగ్గరికి లాక్కున్నాడు. యాభై ఏళ్ళ మనిషి, నలభై రెండేళ్ళ మనిషి ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. ఏడ్చినందువల్ల ఏదీ తేలలేదు. ఆ గంట ఉంటే ఆమె బతికేదో లేదో డాక్టరుకే తెలియదు. ఏడు గంటలకు తీసుకుపోయినా ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. తెలియకుండానే మిగిలిన బతుకంతా బతకాలని మాత్రం ఇద్దరికీ అర్థమైంది.

మరుసటి రోజు పొద్దున మునికుమార్ పుత్తూరు వెళ్ళాడు. అక్కడ ఏం మాట్లాడుకున్నారో ధనశేఖర్‌కు తెలియదు, అడగలేదు. రెండు రోజుల తర్వాత లోకేశ్వరి తిరిగి వచ్చిందని మాత్రం విన్నాడు. ఇంట్లో మాటలు తక్కువేననీ, ఆమె వండితే అతను తింటున్నాడనీ నిర్మలమ్మ ఫోన్ చేసి కనుక్కుంది.

కారు బాగుచేయించే ఖర్చంతా తనదేనని ధనశేఖర్ చెప్పాడు. మునికుమార్ ఒప్పుకోలేదు, చెరిసగం అన్నాడు. ఇద్దరూ ఫోన్లో వాదించుకుంటుంటే లోకేశ్వరి ఫోన్ తీసుకుంది.

"బాగుచేయించొద్దు బావా. ఆ పక్క సీటు ఖాళీగా పెట్టుకుని నేను ఆ బండి నడపలేను. అమ్మేయండి."

అమ్మేద్దామనే అందరూ అనుకున్నారు. తర్వాతి ఆదివారం చిత్తూరు నుంచి పాత బండ్లు కొనే అతను లాగుడు వ్యాను తీసుకుని వచ్చాడు. ధనశేఖర్, నిర్మలమ్మ కూడా వచ్చారు. ఆ మనిషి కారు చుట్టూ తిరిగాడు, తలుపులు తీసి వేశాడు, బురద చారను గోటితో గీకి చూశాడు. విప్పిన ఇంజను వైపు వంగి చాలాసేపు టార్చి వేశాడు. తక్కువ ధర చెప్పాడు. ఎవరూ బేరమాడలేదు. అతనికే ఆశ్చర్యం వేసినట్టుంది.

"నీళ్ళలో స్టార్ట్ చేసుండారు," అన్నాడు లేచి, మోకాళ్ళు దులుపుకుంటూ. "లేకుంటే బంగారం లాంటి బండి. కీ తిప్పింది ఎవరు సార్?"

లోకేశ్వరి గేటు పట్టుకుని నిలబడి ఉంది. ఆమె పెదవులు కదిలాయి. మునికుమార్ ఏదో అనబోయాడు. ధనశేఖర్ ఇద్దరికన్నా ముందు మాట్లాడాడు.

"మేమే అప్పా. మా అమ్మకు బాగాలేకపోతే, మేమందరం తిప్పినాం."

ఆ మనిషి తాళ్ళు కట్టి కారును వ్యాను మీదికి లాక్కున్నాడు. బండి సందు మలుపు తిరిగేదాకా నలుగురూ అక్కడే నిలబడ్డారు. లోకేశ్వరి గేటు వదలకుండా అట్లాగే కిందికి జారి కూర్చుని ఏడవడం మొదలుపెట్టింది. మునికుమార్ ఆమె పక్కనే నేల మీద కూర్చున్నాడు. భుజం మీద చేయి వేయడానికి అతనికి కొంతసేపు పట్టింది. వేశాక మాత్రం తీయలేదు.